కేసు మీద బతికేవాళ్లు: తప్పుడు కేసులు, కోర్టు ఫీజుల వెనక నాలుగొందల ఏళ్ల కథ

1596 ప్రాంతంలో లండన్‌లో ఒక వింత శిక్ష పడింది. చాన్సరీ కోర్టులో మిల్‌వర్డ్ అనే అతను వెల్డన్ అనే అతని మీద దావా నడుపుతున్నాడు, అందులో దాఖలైన ఒక జవాబు కాగితం ఏకంగా 120 పేజీలు వచ్చింది, చదివి చూస్తే అసలు విషయం 16 పేజీల్లో అయిపోయేదే. ఎవరు రాశారని ఆరా తీస్తే వాది కొడుకు రిచర్డ్ అని తేలింది. అప్పుడు లార్డ్ కీపర్‌గా, అంటే ఆ కోర్టు పెద్ద జడ్జిగా ఉన్న ఎగర్టన్, ఆ కాగితాల కట్ట మధ్యలో చిల్లు పెట్టి, అందులోంచి రిచర్డ్ తల దూర్చి, రాసిన వైపు జనానికి కనపడేలా మెడకి వేలాడదీసి, వెస్ట్‌మిన్‌స్టర్ హాల్లో అన్ని కోర్టులూ నడుస్తున్న టైములో ఒక్కో బెంచి ముందుకీ తీసుకెళ్లి తిప్పమన్నాడు. పైగా 10 పౌండ్ల జరిమానా, ఎదుటి పార్టీకి 20 నోబుల్స్ (అప్పటి ఒక నాణెం).

పేజీలు పెరిగితే అంత కోపం ఎందుకు అంటే, ఆ కోర్టులో నువ్వు వేసిన కాగితం నకలు ఎదుటివాడు కోర్టు గుమాస్తాల దగ్గరే కొనుక్కోవాలి, పేజీకి ఇంత అని లెక్క. నువ్వు 120 పేజీలు రాస్తే వాడికి 120 పేజీల ఖర్చు. కేసులో బలం లేకపోయినా కాగితంతోనే మనిషిని కుంగదీయొచ్చు అన్నమాట. గుమాస్తాలకీ పేజీలు పెరగడమే కావాలి, లైనుకి నాలుగు మాటలు రాసి, మార్జిన్లు వెడల్పుగా వదిలి, పేజీల లెక్క పెంచేవాళ్లని అప్పట్లో గట్టి ఫిర్యాదు ఉండేది.

నేను ఈ చరిత్ర చదువుతుంటే నాకు అర్థమైంది ఒకటే, తప్పుడు కేసులూ ఎక్కువ ఫీజులూ రెండు వేరే వేరే జబ్బులు కావు. కేసు వల్ల ఎవరి జేబు నిండుతుందో వాళ్ల చేతిలోనే కేసు పెట్టడమో సాగదీయడమో ఉంటే రెండూ కలిసే వస్తాయి.

ముందు తప్పుడు కేసుల సంగతి. అప్పటి ఇంగ్లండ్‌లో ఇప్పటి మన పోలీస్ స్టేషన్ లాంటిది లేదు, పబ్లిక్ ప్రాసిక్యూటర్ లేడు. దొంగతనం జరిగితే పోగొట్టుకున్నవాడే కేసు పెట్టాలి, సాక్షుల్ని వాడే తెచ్చుకోవాలి, అభియోగ పత్రం రాసిన గుమాస్తాకి వాడే డబ్బులివ్వాలి. ఇక బజారులో తూకాలు, లైసెన్సు లేకుండా వ్యాపారం, ఎక్కువ వడ్డీ, ఇలాంటి వందల రకాల చట్టాలు అమలు చేయడానికి ప్రభుత్వం దగ్గర మనుషుల్లేరు. అందుకని ఆ చట్టాల్లోనే ఒక ఎర పెట్టారు, తప్పు చేసినవాణ్ణి పట్టించి కేసు గెలిస్తే జరిమానాలో సాధారణంగా సగం రాజుకి, సగం పట్టించినవాడికి. వీళ్లనే కామన్ ఇన్ఫార్మర్లు అనేవాళ్లు.

ఇది ఎట్లా తిరగబడిందో ఊహించడం కష్టం కాదు. ఇన్ఫార్మర్ కేసు వేస్తాడు, తర్వాత చిన్న వ్యాపారి దగ్గరకెళ్లి ఇంత ఇస్తే వదిలేస్తా అంటాడు. వ్యాపారి ఎక్కడో మారుమూల జిల్లాలో ఉంటాడు, కేసు మాత్రం లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో పడుతుంది, గుర్రం మీద రోజుల తరబడి ప్రయాణం, బస ఖర్చు, లాయరు ఖర్చు, నేరం చేయకపోయినా సరే డబ్బిచ్చి వదిలించుకోవడమే చవక. అంటే అక్కడ కేసు గెలవడం కోసం కాదు, రాజీ డబ్బుల కోసం.

ఇంతకు ముందే ఏడో హెన్రీ కాలంలో జనం ఇలాంటిది ఇంకా పెద్ద ఎత్తున చూశారు. రాజు తరఫున ఎంప్సన్, డడ్లీ అనే ఇద్దరు అధికారులు పాత చట్టాలన్నీ తవ్వి తీసి జనం మీద జరిమానాలు గుంజారు, 1495లో వచ్చిన ఒక చట్టమైతే గ్రాండ్ జ్యూరీ, అంటే అభియోగంలో పస ఉందా అని ముందే చూసే స్థానికుల బృందం, లేకుండానే ఇన్ఫార్మర్ మాట మీద విచారణ చేసే వీలిచ్చింది. కొత్త రాజు ఎనిమిదో హెన్రీ వచ్చీ రాగానే ఆ చట్టం రద్దయింది, ఆ ఇద్దరి తలలూ 1510 ఆగస్టులో తెగిపోయాయి. వాళ్ల మీద పెట్టిన రాజద్రోహం కేసు కూడా జనం కోపం చల్లార్చడానికి అల్లిందే, ఆ సంగతి కూడా చెప్పుకోవాలి. వసూలు చేసిన మనుషులు పోయారు గానీ వసూలు పద్ధతి పోలేదు.

అసలైన బిగింపు 1576లో ఎలిజబెత్ కాలంలో వచ్చింది. ఇన్ఫార్మర్ కోర్టు అనుమతి లేకుండా రాజీ పడి డబ్బు తీసుకుంటే 10 పౌండ్లు జరిమానా, రెండు గంటలు బజారులో పిల్లరీకి, అంటే మెడా చేతులూ ఇరికించే చెక్క చట్రానికి బిగించి నిలబెట్టడం, ఇక జన్మలో ఇలాంటి కేసు వేసే హక్కు ఉండదు. నాకు ఈ చట్టంలో నచ్చింది ఏంటంటే కేసులు వేయొద్దు అనలేదు, చాటుగా డబ్బు చేసుకునే దారి ఒక్కటే మూసింది. 1624లో ఇంకో మెట్టు ఎక్కారు, నేరం ఏ కౌంటీలో, అంటే ఏ జిల్లాలో జరిగిందో కేసు అక్కడే విచారించాలి, ఏడాది లోపు జరిగిందని ఇన్ఫార్మర్ ప్రమాణం చేయాలి. లండన్ ప్రయాణం అనే కత్తి దాంతో వాళ్ల చేతిలోంచి పోయింది. ఎడ్వర్డ్ కోక్ లాంటి పెద్ద జడ్జి ఈ ఇన్ఫార్మర్లని విషపురుగుల జాబితాలో కలిపి తిట్టాడంటే అప్పటి మంట ఎంతో తెలుస్తుంది. అయినా ఈ పద్ధతి పూర్తిగా పోవడానికి 1951 దాకా పట్టింది.

సివిల్ దావాల్లో ఇంకో దారి పట్టారు. 1531 చట్టం ప్రకారం చాలా రకాల దావాల్లో వాది ఓడిపోతే ప్రతివాది ఖర్చులు వాదే కట్టాలి, అంతకు ముందు ఖర్చులు గెలిచిన వాదికే దక్కేవి. 1601లో ఇంకొకటి, లండన్ పెద్ద కోర్టుకొచ్చి నష్టపరిహారం 40 షిల్లింగుల లోపే గెలిస్తే ఖర్చులు కూడా అంతకు మించి రావు అని, చిల్లర తగాదాల్ని ఊళ్లోనే తేల్చుకోమని చెప్పడం అది.

క్రిమినల్ వైపు మాత్రం చాలా ఆలస్యమైంది. కక్షతో పెట్టిన కేసులో నిర్దోషిగా బయటపడ్డవాడు తిరిగి దావా వేయొచ్చా అన్నదాన్ని 1690ల చివర్లో సావిల్, రాబర్ట్స్ కేసులో చీఫ్ జస్టిస్ హోల్ట్ తేల్చాడు. పరువు, శరీరం లేదా స్వేచ్ఛ, డబ్బు, ఈ మూడింట్లో ఏ ఒక్కదానికి దెబ్బ తగిలినా దావా వేయొచ్చు, కానీ ఎదుటివాడికి దురుద్దేశం ఉందని రుజువు చేయాలి. ఇలాంటి దావాల్ని జాగ్రత్తగా చూడాలని కూడా అన్నాడు, లేకపోతే నిజమైన బాధితులు భయపడి కేసు పెట్టడమే మానేస్తారు. ఇప్పటికీ మన కోర్టుల్లో మాలీషియస్ ప్రాసిక్యూషన్ అంటే అడిగే ప్రశ్నలకి మూలం అదే. అయితే అంతకు ముందే 1660ల్లో లండన్ క్రిమినల్ కోర్టు ఓల్డ్ బెయిలీలో ఒక రూలు పెట్టారు, ఫెలొనీ కేసులో, అంటే పెద్ద నేరం కేసులో, అభియోగ పత్రం నకలు కోర్టు ప్రత్యేక అనుమతి లేకుండా ఇవ్వకూడదని. ఆ నకలు లేకపోతే దావా నిలబడదు, అంటే హక్కు ఉంది గానీ దాని తాళంచెవి జడ్జి జేబులో ఉంది.

ఇక 1692 చట్టం గురించి చెప్తే గుండె బరువెక్కుతుంది. దారిదోపిడీ దొంగని పట్టించి శిక్ష పడేలా చేస్తే 40 పౌండ్లు బహుమతి అన్నారు, ఆ రోజుల్లో కూలివాడికి ఏళ్ల తరబడి కష్టపడితే గానీ రాని డబ్బు అది. దొంగల్ని పట్టేవాళ్లమని చెప్పుకునే థీఫ్ టేకర్లు పుట్టుకొచ్చారు. జొనాథన్ వైల్డ్ ఒక చేత్తో దొంగల ముఠా నడుపుతూ ఇంకో చేత్తో దొంగల్ని పట్టించాడు, 1725లో ఉరి తీశారు. 1754లో మెక్‌డానియల్, బెర్రీ, సామన్, ఈగన్ అనే నలుగురి గుట్టు బయటపడింది, వీళ్లు చేసింది ఏంటంటే అమాయకులైన కుర్రాళ్లని మాటల్లో దింపి, తమలో ఒకణ్ణే బాధితుడిగా నిలబెట్టి, దోపిడీ జరిపించి, తామే పట్టుకుని, ఉరిశిక్ష పడ్డాక బహుమతి పంచుకోవడం. జోసెఫ్ కాక్స్ అనే బ్లాక్‌హీత్ కానిస్టేబుల్ పట్టుబట్టి దీన్ని బయటపెట్టాడు. కానీ అదే ఏడాది మొదట్లోనే జాషువా కిడెన్ అనే అతన్ని ఈ ముఠా అబద్ధపు సాక్ష్యంతో ఉరికంబం ఎక్కించేసింది. తర్వాత 1756లో వీళ్లలో కొందరి మీద హత్య కేసు పెడితే జ్యూరీ దోషులే అంది, అబద్ధపు సాక్ష్యంతో చంపడం చట్టం ప్రకారం హత్య అవుతుందా అన్న సందేహంతో ఆ శిక్ష అమలు కాలేదు. అంతకు కాస్త ముందు అదే ఏడాది పిల్లరీలో నిలబెట్టినప్పుడు జనమే రాళ్లతో ఈగన్‌ని చంపేశారు. ఆ 40 పౌండ్ల పద్ధతి 1818లో గానీ పోలేదు. ఒక ప్రాణానికి రేటు కట్టిన చట్టాన్ని సరిచేయడానికి నూట పాతికేళ్లు పట్టింది.

ఫీజుల విషయంలో అసలు చిక్కు పదవుల అమ్మకంలో ఉంది. కోర్టులో, జైల్లో ఉద్యోగం అంటే జీతం కాదు, కొనుక్కున్న ఆస్తి. చాన్సరీ కోర్టు పెద్ద, లార్డ్ చాన్సలర్ మాక్లెస్‌ఫీల్డ్ ఆ కోర్టులోని మాస్టర్ పదవులు అమ్ముకున్నాడని 1725లో దొరికిపోయి 30,000 పౌండ్ల జరిమానా కట్టాడు. లండన్ ఫ్లీట్ జైలు వార్డెన్ పదవిని బాంబ్రిడ్జ్ అనే అతను 5,000 పౌండ్లకి కొన్నాడు, పెట్టుబడి రాబట్టుకోవాలి కాబట్టి ఖైదీల దగ్గర గదికి ఫీజు, సంకెళ్లు తీయడానికి ఫీజు. రాబర్ట్ కాస్టెల్ అనే ఆర్కిటెక్ట్ అప్పు కట్టలేక జైలుకొచ్చి, అడిగిన ఫీజు ఇవ్వలేకపోతే మశూచి ఉన్న ఇంట్లో పెట్టారు, అదే సోకి చనిపోయాడు. అతని స్నేహితుడు ఓగల్‌తోర్ప్ పార్లమెంటులో సభ్యుడు, 1729లో కమిటీ వేయించి ఈ నరకం అంతా రికార్డుకెక్కించాడు. బాంబ్రిడ్జ్ మీద హత్య కేసు మాత్రం నిలబడలేదు.

వీటన్నిటిలోకీ నన్ను ఎక్కువ కదిలించింది 1773 సంగతి. జాన్ హోవర్డ్ ఆ ఏడాది బెడ్‌ఫర్డ్‌షైర్ కౌంటీకి షెరీఫ్, అంటే జైలు బాధ్యత కూడా ఉండే అధికారి అయ్యాడు. జ్యూరీ నిర్దోషి అని వదిలేసిన మనుషులు, అసలు కేసే పెట్టని మనుషులు, జైలర్‌కి ఫీజు కట్టలేక మళ్లీ లోపలికే వెళ్లడం చూశాడు. జైలర్‌కి జీతం ఇద్దాం, ఈ ఫీజు తీసేద్దాం అని జిల్లా పెద్దల్ని అడిగితే, ఇంకెక్కడైనా అలా ఇస్తున్నారా చూపించు అన్నారు. ఆయన గుర్రమెక్కి చుట్టుపక్కల కౌంటీల జైళ్లన్నీ తిరిగాడు, ఎక్కడా లేదు, అంతటా అదే అన్యాయం. 1774లో పార్లమెంటు చట్టం చేసింది, నిర్దోషి అయితే కోర్టులోనే అక్కడికక్కడే వదిలేయాలి, జైలర్‌కి రావాల్సింది కౌంటీ నిధి నుంచి ఇవ్వాలి.

మన దాకా వచ్చేసరికి ఈ కథ తలకిందులైంది. 1793లో కార్న్‌వాలిస్ బెంగాల్‌లో కొత్త కోర్టులు పెట్టినప్పుడు దావా వేయడానికి కట్టే ఫీజు తీసేశాడు. కోర్టులు తక్కువ, జనం ఎక్కువ, దావాలు గుట్టలు పడ్డాయి. జడ్జిల్ని పెంచడానికి బదులు 1795లో ఈస్టిండియా కంపెనీ మళ్లీ ఫీజు పెట్టింది, ఆధారం లేని దావాలు అరికట్టడానికే అని కారణం రాసుకుంది, అప్పటికే పెండింగ్‌లో ఉన్న దావాలకీ గడువు లోపల కట్టాలంది. మెకాలే ఈ వాదనని చీల్చి చెండాడాడు. ఫీజు డబ్బు లేని నిజాయితీపరుణ్ణి ఆపుతుంది గానీ డబ్బున్న అబద్ధాలకోరుని ఆపదు, ఆ మాత్రం లెక్క ఎవరికైనా తెలుస్తుంది. ఇంగ్లండ్ తంటాలు పడి నేర్చుకున్నది ఓడిన అబద్ధాలకోరు మీద భారం వేయడం, ఇక్కడ మాత్రం గుమ్మం దగ్గరే అందరి మీదా వేశారు. 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే మన కోస్తా జిల్లాల్లో కూడా, ఇదే కోర్టుల పద్ధతి పెట్టారు. తర్వాత 1870 కోర్టు ఫీజుల చట్టం, ఆంధ్రలో 1956 చట్టం, ఇప్పటికీ మన దగ్గర దావా విలువని బట్టి స్టాంపు కట్టాల్సిందే. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడనే మాట మన ఊళ్లల్లో ఊరికే పుట్టలేదు.

అబద్ధాలకోరు మీద వేసే భారం సంగతి కూడా చూడండి. తప్పుడు సివిల్ దావా వేసినవాడి నుంచి పరిహారం ఇప్పించే సివిల్ ప్రొసీజర్ కోడ్ 35ఏ సెక్షన్ 1922లో వచ్చింది, అప్పుడు గరిష్ఠం 1,000 రూపాయలు, 1976 సవరణలో 3,000 చేశారు. ఈ రోజుకీ మామూలు సివిల్ దావాలకి చట్టంలో ఆ సెక్షన్ కింద రాసి ఉన్నది 3,000 రూపాయలే, పొలం దావాలో ఒక్కసారి కట్టే స్టాంపు ఫీజు చాలాసార్లు అంతకంటే ఎక్కువ ఉంటుంది.