హామిల్టన్‌లో ముగ్గురి పోటీ: 602 ఓట్ల వెనుక కథ

స్కాట్లాండ్ పార్లమెంటుకు 2026 మే 7న ఎన్నికలు. తేదీ దగ్గరపడేకొద్దీ ఒక నియోజకవర్గం పేరు మళ్లీ చర్చకు వస్తోంది. హామిల్టన్, లార్క్‌హాల్ అండ్ స్టోన్‌హౌస్. గ్లాస్గోకు ఆగ్నేయంగా, ఒకప్పటి లానార్క్‌షైర్ బొగ్గు గనుల ప్రాంతంలో ఉంది. అక్కడ ఎవరికి ఎవరు పోటీ, ఓటు ఎవరికి వేస్తే వృథా, ఎవరికి వేస్తే కాదు అన్నదే గొడవ.

1967లో విన్నీ ఈవింగ్ హామిల్టన్‌లో గెలిచి, స్కాట్లాండ్ స్వాతంత్ర్యం కోరే స్కాటిష్ నేషనల్ పార్టీని (ఎస్‌ఎన్‌పీ) దేశమంతా చూసేలా చేసిన కథను ఇక్కడ మళ్లీ చెప్పను. బ్రిటన్ నుంచి విడిపోవాలా అని స్కాట్లాండ్‌లో జరిగిన స్వాతంత్ర్య రిఫరెండం కథ కూడా అందరికీ తెలిసిందే. నేటి గొడవకు అసలు మూలం చాలా దగ్గర్లోనే ఉంది. అది 2025 మే నెలలో, ఇదే సీటుకు జరిగిన ఉప ఎన్నిక ప్రచారం చివరి మూడు నాలుగు వారాల్లో.

ఆ ఉప ఎన్నిక ఒక విషాదం వల్ల వచ్చింది. 2011 నుంచి అక్కడ గెలుస్తూ వచ్చిన ఎస్‌ఎన్‌పీ మంత్రి క్రిస్టినా మెకెల్వీ 2025 మార్చిలో క్యాన్సర్‌తో చనిపోయారు. పోలింగ్ జూన్ 5న పెట్టారు. ఎస్‌ఎన్‌పీ తరఫున కౌన్సిలర్ కేటీ లౌడన్ నిలబడ్డారు. పక్కనే ఉన్న రూథర్‌గ్లెన్‌లో వెస్ట్‌మినిస్టర్ (లండన్‌లోని బ్రిటన్ పార్లమెంటు) సీటుకు 2023లోనూ, 2024లోనూ లేబర్ చేతిలో ఓడిపోయింది ఆమే. లేబర్ తరఫున స్థానికుడు డేవీ రస్సెల్. కన్జర్వేటివ్ పార్టీని వదిలి వచ్చిన కౌన్సిలర్ రాస్ లాంబీని నైజెల్ ఫరాజ్ నడిపే, వలసలను వ్యతిరేకించే మితవాద పార్టీ రిఫార్మ్ యూకే దింపింది.

అప్పుడే స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత (ఫస్ట్ మినిస్టర్), ఎస్‌ఎన్‌పీ నాయకుడు జాన్ స్విన్నీ ఒక మాట పట్టుకున్నారు. ఈ పోటీ ఎస్‌ఎన్‌పీకీ రిఫార్మ్‌కీ మధ్యే, లేబర్ లెక్కలో లేదు, ఫరాజ్‌ను ఆపాలంటే అందరూ మాకే వేయండి అని. ప్రచారం ముగిసేదాకా ఆయన దాన్ని వదల్లేదు. టీవీలు, పేపర్లు కూడా చాలావరకు అదే పాట పాడాయి. రస్సెల్ టీవీ చర్చకు వెళ్లకపోవడంతో లేబర్ పని అయిపోయినట్టే అనుకున్నారు. వెస్ట్‌మినిస్టర్‌లో లేబర్ ప్రభుత్వం పింఛనుదారుల చలికాలపు ఇంధన సాయానికి కోత పెట్టడంతో ఆ పార్టీపై కోపం ఉన్నమాట నిజమే. దాన్ని మళ్లీ ఆలోచిస్తామని ప్రధాని స్టార్మర్ చెప్పింది పోలింగ్‌కు రెండు వారాల ముందే.

ఇటు రిఫార్మ్ ఆన్‌లైన్‌లో ఒక ప్రకటన వదిలింది. స్కాటిష్ లేబర్ నాయకుడు అనస్ సర్వర్ పాకిస్తానీ సమాజానికే ప్రాధాన్యం ఇస్తారని అందులో రాసింది. పక్కన చూపించిన ఆయన పాత ప్రసంగంలో ఆ మాట లేదు. సర్వర్, స్విన్నీ ఇద్దరూ దాన్ని జాతివివక్ష అన్నారు. ఫరాజ్ వెనక్కి తగ్గలేదు.

ఈ హోరు నడుస్తుండగా లేబర్ కార్యకర్తలు చేసిన పని ఒక్కటే, ఇంటింటికీ తిరగడం. వాళ్ల వాదన ప్రకారం తలుపు కొట్టిన చోట జనం మాట్లాడింది ఫరాజ్ గురించి కాదు, ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల కోసం నెలల తరబడి ఎదురుచూపుల గురించి. స్కాట్లాండ్‌లో ఆరోగ్య సేవలు నడిపేది ఎడిన్‌బరోలోని స్కాట్లాండ్ ప్రభుత్వం, అంటే 2007 నుంచి ఎస్‌ఎన్‌పీ. ఫలితం చూశాక ఈ వాదనను కొట్టిపారేయడం కష్టం.

రస్సెల్‌కు 8,559, లౌడన్‌కు 7,957, లాంబీకి 7,088 ఓట్లు వచ్చాయి. మెజారిటీ 602. పోటీలోనే లేదన్న పార్టీ గెలిచింది.

అయితే లేబర్ పెరిగి గెలవలేదు. 2021లో ఇక్కడ ఆ పార్టీకి 33.6 శాతం ఓట్లు వస్తే ఈసారి వచ్చింది 31.6 శాతమే. కూలింది ఎస్‌ఎన్‌పీ. 2021లో మెకెల్వీకి 16,761 ఓట్లు పడ్డాయి. వాటిలో 8,804, అంటే సగానికి పైగా, పోయాయి. ఉప ఎన్నికలో పోలింగ్ 44 శాతమే కాబట్టి ఓట్ల సంఖ్య తగ్గడం సహజం. కానీ శాతం కూడా 46.2 నుంచి 29.4కి పడింది. రిఫార్మ్ 2021లో ఈ సీటుకు పోటీ చేయలేదు, ఇప్పుడు 26.1 శాతం. కన్జర్వేటివ్‌లు పోగొట్టుకున్నది పదకొండున్నర శాతం. అదంతా రిఫార్మ్‌కే వెళ్లిందనుకున్నా ఇంకా సగానికి పైగా మిగులుతుంది. ఆ మిగిలింది ఎక్కడి నుంచి వచ్చిందన్నదే పెద్ద ప్రశ్న. ఫరాజ్ పేరు చెప్పి భయపెడితే ఓట్లు తిరిగొస్తాయనుకున్న వాళ్లు ఈ ప్రశ్న వేసుకోలేదు. పైగా ప్రతి సభలోనూ రిఫార్మ్‌ను అసలు ప్రత్యర్థిగా చెప్పడం వల్ల ఆ పార్టీకే బలం పెరిగిందని నా అభిప్రాయం.

ఇది ఎస్‌ఎన్‌పీకి కొత్త పాఠమేమీ కాదు. 2023 అక్టోబరులో రూథర్‌గ్లెన్ ఉప ఎన్నికలో 20 శాతానికి పైగా ఓట్లు లేబర్ వైపు మళ్లాయి. అప్పుడు కోవిడ్ నిబంధనలు ఉల్లంఘించిన, తమ పార్టీ తరఫునే గెలిచిన ఎంపీ మార్గరెట్ ఫెరియర్ వల్ల ఓడామని చెప్పుకోగలిగారు. హామిల్టన్‌లో అలా చెప్పుకోవడానికి ఏమీ లేదు. అభ్యర్థి మాత్రం అదే కేటీ లౌడన్.

మే 7న లెక్క వేరుగా ఉంటుంది. ఉప ఎన్నికలో ఓటరుకు ఒక్క ఓటే. సాధారణ ఎన్నికల్లో రెండు. ఒకటి స్థానిక అభ్యర్థికి, రెండోది ప్రాంతీయ జాబితాలో పార్టీకి. 129 సీట్లలో 73 నియోజకవర్గాలవి, 56 జాబితాలవి. వచ్చిన ఓట్లతో పోలిస్తే నియోజకవర్గాల్లో తక్కువ గెలిచిన పార్టీకి జాబితాలో కొంత సర్దుబాటు జరుగుతుంది. కాబట్టి రిఫార్మ్ ఇలాంటి చోట మూడో స్థానంలో ఉన్నా పార్లమెంటులోకి వెళ్లగలదు. ‘మాకు వేయకపోతే ఓటు వృథా’ అన్న మాట మొదటి ఓటు దగ్గర కొంత నిజమే, రెండో ఓటు దగ్గర నిలవదు.

గ్లాస్గో చుట్టుపక్కల చదువుకుంటున్న, పనిచేస్తున్న తెలుగువాళ్లకు ఇది దూరపు గొడవ కాదు. భారత పౌరులు కామన్వెల్త్ పౌరులు కాబట్టి, చెల్లే వీసాతో అక్కడ ఉంటే నమోదు చేసుకుని ఓటు వేయొచ్చు. ఈ ఎన్నికలకు ఓటు వయసు 16. 602 ఓట్లతో తేలిన సీటులో కొన్ని వందల కొత్త ఓట్లకు ఎంత విలువో చెప్పక్కర్లేదు.

ఫలితాలు వచ్చిన రోజు హామిల్టన్‌లో నేను ముందు చూసేది గెలిచినవారి పేరు కాదు. రిఫార్మ్ ఆ 26 శాతానికి పైన ఉందా, కింద ఉందా అన్నది.