రక్తం కారకుండా చీము ఎలా వచ్చింది?

పద్మారావునగర్,
హైదరాబాద్.

చిన్నూకి, అమ్ములుకి తాతయ్య దీవెనలు.

ఇందిరా పార్కులో చిన్నూ మడమకు గుచ్చుకున్న ముల్లు చీము పట్టిందనీ, చీము తీశాక నొప్పి తగ్గిందనీ మీ అమ్మ చెప్పింది. సంతోషం. కానీ చిన్నూ, నువ్వు ఫోన్లో అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. "చీములో ఉండేవి చచ్చిన తెల్లకణాలన్నావు. అవి రక్తనాళంలో ఉండేవి కదా, చిల్లు లేకుండా బయటికెలా వచ్చాయి? చిల్లు పడితే రక్తం కూడా కారాలిగా?" ముప్పై ఏళ్లు ల్యాబులో స్లైడ్లు చూసినవాణ్ని, ఆ పూట నసిగి ఊరుకున్నాను. అందుకే ఈ ఉత్తరం.

రక్తనాళం లోపలి పొర రబ్బరు పైపులాంటిది కాదు. షాబాదు బండలు పరిచినట్టు పల్చటి కణాలు పక్కపక్కన అతుక్కుని ఉంటాయి. అన్నీ బతికున్న కణాలే. ముల్లుతో పాటు సూక్ష్మజీవులు దిగగానే అక్కడున్న కాపలా కణాలు రసాయనాలు వదులుతాయి. ఆ కబురు అందిన నిమిషాల్లోనే దగ్గర్లోని సన్నటి సిరల లోపలి గోడ సెలెక్టిన్లనే కొక్కేలు బయటికి పెడుతుంది.

మీ నాన్న కాలేజీ రోజుల్లో కోఠిలో రన్నింగ్ బస్సు దిగేవాడు (మీరు దిగారో, నేనూరుకోను). ఊరికే దూకితే బోర్లా పడతారు. రాడ్డు పట్టుకుని, బస్సుతో పాటే నాలుగడుగులు పరిగెత్తి నిలదొక్కుకోవాలి. తెల్లకణం పనీ అంతే. రక్తం లాక్కుపోతూ ఉంటే ఒక కొక్కెం పట్టుకుంటుంది, అది జారితే తర్వాతది, అలా గోడ వెంబడి దొర్లుతూ వేగం తగ్గించుకుంటుంది. గోడ మీదున్న కీమోకైన్లనే పిలుపు రసాయనాలు తగలగానే, దాని ఒంటి మీద అప్పటిదాకా ముడుచుకుని ఉన్న ఇంటెగ్రిన్లనే పట్టు ప్రొటీన్లు నిటారుగా లేచి గోడను గట్టిగా పట్టేస్తాయి. ఇక కదలదు. తర్వాత చపాతీలా పరుచుకుని, సందు కోసం పాకుతూ వెతుకుతుంది.

రెండు గోడ కణాల మధ్య కుట్టు కాస్త వదులవుతుంది. అందులోంచి దూరడం చూడాలి! మన వీధి పిల్లి గేటు ఊచల్లోంచి వస్తుందే, తల పడితే చాలు ఒళ్లంతా వచ్చేస్తుంది. తెల్లకణంలో గట్టిగా ఉండేది కేంద్రకం. చీములో ఎక్కువగా ఉండే తెల్లకణమైన న్యూట్రోఫిల్‌కు అది ఒకే ముద్దగా ఉండదు. లీష్మన్ రంగు వేసి చూస్తే మూడు నాలుగు ఊదారంగు పూసలు దారానికి గుచ్చినట్టు కనిపిస్తుంది. ఒక్కో పూసా దాటించుకుంటుందన్నమాట. దాటుతున్నంతసేపూ గోడ కణాలు సంచి మూతికి తాడు లాగినట్టు దాని చుట్టూ బిగిసే ఉంటాయి. అందుకే రక్తం కారదు. మంట వల్ల కాస్త నీరు మాత్రం ఊరుతుంది, నీ మడమ వాపు అదే. కొన్ని తెల్లకణాలైతే సందు కూడా వెతుక్కోవు, గోడ కణం ఒంట్లోంచే దూసుకుపోతాయి.

1867లో జూలియస్ కోన్‌హైమ్ అనే జర్మన్ డాక్టరు, కప్ప పేగుల్ని పట్టి ఉంచే పల్చటి పొరను మైక్రోస్కోపు కింద పెట్టి ఇదంతా కళ్లారా చూశాడు. ఎంత ఓపికో!

కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఆ ఇంటెగ్రిన్లు సరిగా ఉండవు. రిపోర్టు చూస్తే తెల్లకణాలు బోలెడు, పుండు మీద మాత్రం చీము అన్నదే ఉండదు. పుట్టినప్పటి బొడ్డుతాడు కూడా ఆలస్యంగా ఊడుతుంది. అన్నీ రక్తంలోనే తిరుగుతుంటాయి, దిగడం రాక.

ముల్లు మొన ఏమైనా లోపల మిగిలిందేమో అమ్మను ఇంకోసారి చూడమను. అమ్ములూ, ఎర్రకణాలు ఎందుకు దూరలేవని అడగబోతున్నావని తెలుసు. వాటికి ఆ కొక్కేలు పట్టుకునే చేతులూ లేవు, పాకడమూ రాదు.

మీ
తాతయ్య