మన ఊరి పటం మనకెందుకు దొరకలేదు?

ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో మా ప్రాజెక్టు కోసం ఒక టోపోషీట్ కావాల్సి వచ్చింది. మా మండలంలో చెరువులు, వాగులు, నేల వాలు ఎటుందో చూపించే పటం అది. దేశం పటాలు గీసే ప్రభుత్వ సంస్థ సర్వే ఆఫ్ ఇండియా ఆఫీసుకి వెళ్లి అడిగితే కౌంటర్లో ఉన్న పెద్దాయన షీటు నంబరు చూసి, "ఇది రిస్ట్రిక్టెడ్ బాబూ. సముద్రం దగ్గరి షీట్లు మామూలు వాళ్లకి ఇవ్వం" అన్నారు. కాలేజీ లెటర్ పట్టుకెళ్లాను. దాని మీద ఇంకో సంతకం కావాలన్నారు. ఆ సంతకం వచ్చేలోపు ప్రాజెక్టు గడువు దాటిపోయింది. నేను ఈత నేర్చుకున్న చెరువు ఆ షీటులో ఉంది. దాన్ని నాకు కనపడకుండా దాచాల్సిన అవసరం ఎవరికి, ఎప్పుడు వచ్చిందన్న ప్రశ్న అప్పటి నుంచీ నన్ను వదల్లేదు.

తీరానికి, దేశ సరిహద్దుకి సుమారు 80 కిలోమీటర్ల లోపు ప్రాంతాల టోపోషీట్లు దశాబ్దాల పాటు ఇలా ఆంక్షల కిందే ఉండేవి. నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, కాకినాడ, విశాఖపట్నం అన్నీ ఆ పట్టీలోకే వస్తాయి. 2005లో జాతీయ పటాల విధానం వచ్చి షీట్లను రెండుగా విడగొట్టింది. సైన్యానికి ఒక వరస, జనానికి ఒక వరస. భారతీయులెవరైనా ముందస్తు అనుమతి లేకుండా నేలను కొలిచి పటం గీసుకోవడానికి వీలు దొరికింది మాత్రం 2021 ఫిబ్రవరి 15న, కేంద్రం మార్గదర్శకాలు మార్చాకే. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి 73 ఏళ్లు దాటింది. ఇంత ఆలస్యం ఎందుకైందో తెలియాలంటే మన పటాలు ఎక్కడ పుట్టాయో చూడాలి. అవి పుట్టింది సైనిక గుడారాల్లో.

ప్లాసీ యుద్ధం జరిగిన పదేళ్లకి, 1767లో, రాబర్ట్ క్లైవ్ ఒక కుర్ర ఇంజినీరు అధికారిని బెంగాల్‌కి సర్వేయర్ జనరల్‌గా పెట్టాడు. పేరు జేమ్స్ రెన్నెల్, వయసు 24 ఏళ్లు. సర్వే ఆఫ్ ఇండియా తన పుట్టిన సంవత్సరంగా చెప్పుకునేది ఇదే. రెన్నెల్ పని తేలిగ్గా చెప్పాలంటే దారి వెంట చక్రం దొర్లించుకుంటూ దూరం కొలవడం, దిక్సూచితో మలుపులు రాసుకోవడం. ఈస్టిండియా కంపెనీ సైన్యానికి కావాల్సింది కూడా అదే. ఫిరంగి బండ్లు ఏ కనుమలో దిగుతాయి, ఏ నదిని ఏ రేవులో దాటొచ్చు, ఎద్దులకి నీళ్లు ఏ ఊరి చెరువులో దొరుకుతాయి. ఈ ప్రశ్నలకి జవాబు ఉన్నవాడిదే యుద్ధంలో పైచేయి. అలాంటి పటం శత్రువు చేతిలో పడితే ఎంత నష్టమో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి రహస్యం మొదటి రోజు నుంచీ ఆ వృత్తిలో భాగమైపోయింది.

మన వైపు ఈ కథ కాలిన్ మెకంజీతో మొదలవుతుంది. స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవిలో పుట్టి, 1783లో మద్రాసు వచ్చి, తర్వాత కంపెనీ సైన్యంలోని ఇంజినీర్ల దళం మద్రాస్ ఇంజినీర్స్‌లో చేరాడు. గుంటూరు సీమ, నిజాం రాజ్యం, టిప్పు పతనం తర్వాత మైసూరు, ఆ తర్వాత దత్త మండలాలు. అంటే ఇప్పటి రాయలసీమ, బళ్లారి. ఇవన్నీ ఆయన బృందాలు తిరిగి గీసినవే. మైసూరు సర్వే ఒక్కటే సుమారు 40,000 చదరపు మైళ్లు. 1815లో భారతదేశం మొత్తానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు.

మెకంజీ పేరు మనకి కైఫీయత్తుల వల్ల, అంటే ఆయన రాయించిన ఊళ్ల చరిత్రల వల్ల బాగా తెలుసు. ఆ కైఫీయత్తులు సర్వే పనిలోంచే పుట్టాయన్న సంగతి మాత్రం తక్కువగా గుర్తుంటుంది. కొండ ఎత్తు, చెరువు వైశాల్యం కొలుస్తూ వెళ్లిన బృందమే ఆ ఊరు ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, మాన్యాలు ఎవరివి అని కూడా అడిగింది. అడగాలంటే భాష రావాలి. మెకంజీకి రాదు. ఆ లోటు తీర్చింది ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు. వాళ్లలో వెంకట బొర్రయ్య 1776లో పుట్టాడు. ఇరవై ఏళ్ల వయసులో మెకంజీ దగ్గర చేరి, కరణాల ఇళ్లలో ఊరి పాత దస్తరాలైన దండకవిలెలు చదివి, శాసనాలకి నకళ్లు తీసి, ఎవరూ చదవలేకపోయిన హళగన్నడ (పాత కన్నడ) లిపిని పట్టుదలగా నేర్చుకున్నాడు. 1803లో, ముప్పై ఏళ్లు కూడా నిండకుండానే చనిపోయాడు. తాను భారతీయ విజ్ఞానపు గుమ్మంలో అడుగు పెట్టింది ఆ బ్రాహ్మణ యువకుడి పరిచయంతోనే అని మెకంజీ తర్వాత ఒక ఉత్తరంలో ఒప్పుకున్నాడు.

థామస్ హికీ 1816లో వేసిన తైలవర్ణ చిత్రం ఒకటుంది. మధ్యలో ఎర్రకోటులో మెకంజీ. చుట్టూ ముగ్గురు భారతీయులు. ఒకరి చేతిలో తాళపత్రాలు, ఇంకొకరి చేతిలో దుర్భిణి. వెనక దూరంగా కొండ మీద జైనుల గోమఠేశ్వరుడి విగ్రహం, ఆ పక్కన సర్వే జెండా కర్ర. ఈ బొమ్మని నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పటం తయారవడానికి ఏమేం కావాలో అన్నీ ఆ ఒక్క బొమ్మలో ఉన్నాయి: తుపాకీ పట్టిన ప్రభుత్వం, కొలిచే పరికరం, స్థానికుల చదువు.

మెకంజీ దగ్గర పనిచేసిన సహాయకుల్లో చాలామంది మద్రాసు సర్వే స్కూలు కుర్రాళ్లు. 1794లో మైకేల్ టాపింగ్ ఎనిమిది మందితో మొదలుపెట్టిన ఆ బడే పెరిగి పెరిగి ఇప్పటి గిండీ ఇంజినీరింగ్ కాలేజీ అయింది. టాపింగ్ రెండేళ్లకే మచిలీపట్నంలో చనిపోయాడు.

మెకంజీ దేశం ఒంటి మీది మాంసం గీస్తుంటే, ఎముకల గూడు కట్టే పని విలియం ల్యాంబ్టన్ ఎత్తుకున్నాడు. ఈయన కాల్బలం అధికారి. 1799లో శ్రీరంగపట్నం ముట్టడి రోజుల్లో ఒక రాత్రి దళం కదులుతుంటే, చుక్కలు చూసి మనం శత్రువు వైపే వెళుతున్నామని సేనాపతిని హెచ్చరించిన మనిషి. ఆయన పట్టుకున్నది త్రిభుజాల పద్ధతి. నేల మీద ఒక్క గీతని వీలైనంత కచ్చితంగా కొలవాలి. దాని రెండు కొసల నుంచి దూరంగా కనిపించే కొండ శిఖరానికి కోణాలు తీయాలి. మిగతా రెండు భుజాల పొడవు లెక్కలోనే వచ్చేస్తుంది. ఆ భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద ఇంకోటి. మొదటి గీతలో అంగుళం తప్పితే ఆ తప్పు దేశమంతా పాకుతుంది.

అందుకే ఆ మొదటి గీత కోసం వాళ్లు పడ్డ శ్రమ ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలుపెట్టారు. మండు వేసవి. 100 అడుగుల ఉక్కు గొలుసు. ఎండకి ఉక్కు సాగుతుంది, నీడకి ముడుచుకుంటుంది. కాబట్టి గొలుసుని చెక్క పెట్టెల్లో పరిచి, పైన నీడ పట్టి, పక్కనే థర్మామీటర్లు పెట్టి, వేడి ఎంతుందో చూసుకుంటూ పొడవు సవరించుకున్నారు. అలా 400 సార్లు గొలుసు పరిస్తే ఏడున్నర మైళ్లు అయింది. పట్టిన కాలం 57 రోజులు. రోజుకి సుమారు 200 మీటర్లన్నమాట. తర్వాత కోణాలు తీయడానికి థియోడలైట్. అది అర టన్ను బరువు. ఇంగ్లండ్ నుంచి వస్తుంటే ఓడని ఫ్రెంచివాళ్లు పట్టుకుని, చివరికి పరికరాన్ని మద్రాసుకి పంపించారు. 1808లో తంజావూరు పెద్ద గుడి విమానం మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి గోడకి కొట్టుకుంది. సొట్టపోయిన చక్రాన్ని ల్యాంబ్టన్ గుడారంలో కూర్చుని ఆరు వారాల పాటు తన చేతులతోనే సరిచేసుకున్నాడు.

ఆ అర టన్నుని కొండలెక్కించింది ఎవరు? పేర్లు లేవు. రికార్డుల్లో ఖలాసీలు, జెండావాళ్లు, బోయీలు అని ఉంటుంది.

త్రిభుజాల వరస గుత్తి మీదుగా నిజాం రాజ్యంలోకి ఎక్కింది. 1818లో ఈ పనికి గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వే అని పేరు పెట్టి, ల్యాంబ్టన్‌కి సహాయకుడిగా జార్జ్ ఎవరెస్ట్ అనే యువ ఫిరంగిదళ అధికారిని ఇచ్చారు. ఎవరెస్ట్ అంటే అందరికీ హిమాలయం గుర్తొస్తుంది గానీ, ఆయన పని నేర్చుకున్నది తెలుగు నేల మీద. 1819 వానాకాలంలో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోకి బృందాన్ని తీసుకెళ్లాడు. వాన వెలిశాక గాలి తేటగా ఉంటుంది, దూరపు కొండలు కనిపిస్తాయి. పరిశీలనకి అదే మంచి కాలం. మలేరియాకీ అదే మంచి కాలం. ఎవరెస్ట్‌తో సహా దాదాపు 150 మంది జ్వరంతో పడిపోయారు. హైదరాబాద్ నుంచి ఏనుగులు, పల్లకీలు పంపించి వాళ్లని మోయించుకు రావాల్సి వచ్చింది. 15 మంది దారిలోనే పోయారు. ఎవరెస్ట్ కోలుకోవడానికి సముద్రం దాటి దక్షిణాఫ్రికా వెళ్లాడు. మిగతా వాళ్లకి ఆ వీలు లేదు. ల్యాంబ్టన్ కూడా హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళుతూ 1823 జనవరి 20న హింగణ్‌ఘాట్‌లో కన్నుమూశాడు. సమాధి అక్కడే ఉంది.

ఊళ్ల జనం ఈ పనిని ఎలా చూశారు? భయంతో. కొండ మీద దొర, ఆయన ముందు మెరిసే గొట్టం. అందులోంచి చూస్తే ఇళ్లలో ఆడవాళ్లు కనిపిస్తారని, అదీ తలకిందులుగా కనిపిస్తారని పుకారు. తలకిందులన్న మాట నిజమే, ఆనాటి దుర్భిణిలో బొమ్మ అలాగే పడేది. భయం కూడా పూర్తిగా తప్పు కాదనిపిస్తుంది నాకు. కొలత వెనకాల పన్ను, పన్ను వెనకాల పటాలం వస్తుందని పల్లె జనానికి అనుభవమే చెప్పింది.

కొలత గొలుసు మన నోటి మాటల్లోనూ మిగిలిపోయింది. తెలంగాణలో గుంట అంటే 33 అడుగులకి 33 అడుగులు, 121 గజాలు. సరిగ్గా 33 అడుగుల సర్వే గొలుసు ఒకటి పొడవు, ఒకటి వెడల్పు. కోస్తాలో సెంటు అంటే 66 అడుగుల గొలుసులోని 100 లింకుల లెక్కన 1,000 చదరపు లింకులు. స్థలం రిజిస్ట్రేషన్‌కి వెళ్లినప్పుడల్లా మనం వాడేది సర్వేయర్ల భాషే.

ఈ ఇంజినీర్లు చేసిందంతా యుద్ధం కోసమే అనడం న్యాయం కాదు. మద్రాస్ ఇంజినీర్స్‌లోని ఆర్థర్ కాటన్ గోదావరి డెల్టాలో మట్టాలు తీయించి, నీళ్లు ఎటు పారతాయో కాగితం మీద చూసుకున్నాకే ధవళేశ్వరం ఆనకట్టకి పూనుకున్నాడు. 1847లో మొదలై 1852లో పూర్తయింది. 1833 నాటి డొక్కల కరువు చూసిన జిల్లాలకి ఆ మట్టాల లెక్కే అన్నం పెట్టింది. అదే విద్య, అవే పరికరాలు.

కానీ ప్రభుత్వానికి పటం ప్రధానంగా రహస్యమే. 1860ల్లో థామస్ మాంట్‌గొమరీ అనే ఇంజినీరు అధికారి హిమాలయాల్లోని కుమావూ ప్రాంతం మనుషులకి శిక్షణ ఇచ్చి యాత్రికుల వేషంలో టిబెట్ పంపాడు. వాళ్లలో ఒకడు నైన్ సింగ్. ఆయన జపమాలలో 108 పూసలకి బదులు 100 పూసలు. వంద అంగలకి ఒక పూస జరపడం. అలా అంగలు లెక్కపెట్టుకుంటూ ఆయన లాసా చేరి దాని స్థానాన్ని లెక్కగట్టాడు.

పని మనవాళ్లది, హక్కు వేరేవాళ్లది అన్న తీరు ఈ చరిత్ర పొడుగునా కనిపిస్తుంది. తర్వాత ఎవరెస్ట్ పేరు పెట్టిన శిఖరం 15 ఎత్తు తేల్చిన లెక్కల్లో ముఖ్యుడైన రాధానాథ్ సిక్దర్, 1843లో డెహ్రాడూన్‌లో సర్వే కూలీలతో మేజిస్ట్రేటు వెట్టి చేయించుకుంటుంటే అడ్డుపడ్డాడు. ఫలితం ఆయనకే 200 రూపాయల జరిమానా. సర్వే పాఠ్యగ్రంథంలో ఆయన రాసిన భాగాలకి తొలి ముద్రణలో ఇచ్చిన గుర్తింపుని, ఆయన చనిపోయాక 1875 ముద్రణలో తీసేశారు. బొర్రయ్య తమ్ముడు కావలి వెంకట లక్ష్మయ్యది ఇంకా బాధాకరం. మెకంజీ పోయాక ఆ సేకరణ పని తాను కొనసాగిస్తానని అర్జీ పెట్టుకున్నాడు. పాతికేళ్ల అనుభవం ఉన్నవాడు. అంత పెద్ద పనికి ఆయన యోగ్యత చాలదని 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో జేమ్స్ ప్రిన్సెప్ తేల్చేశాడు.

1947లో జెండా మారింది గానీ ఈ అలవాటు మారలేదు. యుద్ధాలు, సరిహద్దు తగాదాలు ఉన్న దేశానికి కొంత గోప్యత అవసరమే. రక్షణ స్థావరాల వివరాలు ఇవాళ్టికీ బయటికి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. నా బాధ చెరువులు, వాగులు, కాలవ గట్లు కూడా అదే బీరువాలో ఉండిపోవడం మీద. వరద వస్తే ఏ వీధి ముందు మునుగుతుందో చెప్పే కాగితం ఆ వీధి వాళ్ల చేతిలో లేకపోవడం మీద.

ఇంకో చిక్కు కూడా ఉంది. పాత షీట్లన్నీ 1830లో ఎవరెస్ట్ లెక్కగట్టిన భూమి ఆకారం మీద గీసినవి. ఫోన్లోని జీపీఎస్ వేరే లెక్క వాడుతుంది. పాత షీటు అంకెలని సవరించకుండా ఫోన్లో కొడితే గుర్తు వంద మీటర్లకు పైగా పక్కకి పడుతుంది. జనానికి ఇచ్చే వరసని, అంటే ఓపెన్ సిరీస్ షీట్లని, కొత్త లెక్కకి మార్చారు.

2017లో సర్వే ఆఫ్ ఇండియా తన 250వ ఏడాదిలో ఆ షీట్లని ఆధార్ నంబరుతో ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునే ఏర్పాటు పెట్టింది. మా మండలం షీటు నేను అలాగే దింపుకున్నాను. నా డిగ్రీ పూర్తయి చాలా ఏళ్లయింది. చెరువు నీలం రంగులో ఉంది, కట్ట గీత ఉంది, తూము దగ్గర వాగు తిరిగే వంపు కూడా ఉంది. ఊరి వెనక కొండ మీద చిన్న త్రిభుజం, పక్కన ఎత్తు అంకె. ఊరి పేరులో మాత్రం ఒక అక్షరం తప్పు పడింది. సరిచేయమని నిన్ననే రాశాను.