ముందు తోకలు లెక్కపెట్టండి

అమెరికాలో, ఐడహో రాష్ట్రంలోని హెన్రీస్ ఫోర్క్ నదిలో ట్రౌట్ చేపలు పట్టేవాళ్ల జేబుల్లో వానపాములుండవు. గాలానికి ఈకలూ దారమూ చుట్టి చేసిన బొమ్మ పురుగులుంటాయి. ఆ పూట నీటి మీద ఏ రకం మేఫ్లై (నీళ్లలో పెరిగి రెక్కలతో పైకొచ్చే చిన్న పురుగు) తేలుతుంటే బొమ్మ దానిలాగే ఉండాలి, లేకపోతే చేప చాలాసార్లు పక్కనుంచే వెళ్లిపోతుంది. అందుకే పురుగును వేలి మీద నిలబెట్టి ఫొటో తీసి, ‘ఇదేంటి?’ అని తెలిసినవాళ్లను అడుగుతుంటారు.

తొలకరికి మన లైట్ల చుట్టూ ముసిరే ఉసిళ్లు కావివి. ఉసిళ్లు రెక్కల చెదలు, వాలితే రెక్కల్ని వీపు మీద పరిచేస్తాయి. మేఫ్లై మాత్రం తెరచాపలా నిలబెడుతుంది.

ఫొటో చూడగానే అందరి కళ్లూ రంగు మీదికే పోతాయి. అక్కడే బోల్తా పడతాం. ఎండలో పసుపుగా కనిపించింది నీడలో ఆకుపచ్చగా కనిపిస్తుంది. పైగా రెక్కలొచ్చాక కూడా ఇంకోసారి కుబుసం విడిచే పురుగు ప్రపంచంలో ఇదొక్కటే. నీళ్లలోంచి లేచినప్పుడు మసక రెక్కలతో ఉంటే ‘డన్’ అంటారు. కుబుసం విడిచి గాజు రెక్కలతో బయటికొస్తే ‘స్పిన్నర్’ (క్రికెట్‌తో సంబంధం లేదు). రెండూ ఒకే పురుగంటే ఫొటోలు చూసినవాళ్లు ఓ పట్టాన నమ్మరు.

హెన్రీస్ ఫోర్క్‌లో బాగా తికమకపెట్టే జంట పేల్ మార్నింగ్ డన్, బ్లూ వింగ్డ్ ఆలివ్ అనే రెండు మేఫ్లై రకాలు. మొదటిదానికి మూడు తోకలు, వెనక రెక్క స్పష్టంగా కనిపిస్తుంది. రెండోది, అంటే బేటిస్, రెండు తోకలది. దాని వెనక రెక్క నూక గింజంత కూడా ఉండదు. తోకలు ఇట్టే విరుగుతాయి కాబట్టి కొసలు కాదు, మొదళ్లు లెక్కపెట్టాలి. పిల్ల పురుగుకి ఈ లెక్క కుదరదు, నీళ్లలో ఉన్నప్పుడు బేటిస్‌కీ మూడు తోకలే. తల మీద రెండు పుట్టగొడుగులు మొలిచినట్టు కళ్లుంటే అది మగ బేటిస్.

అంతకుమించి జాతి పేరు కావాలంటే చాలావాటికి మగ పురుగు జననాంగాల్ని మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే. ఒక్క ఫోన్ ఫొటో చూసి లాటిన్ పేరు పూర్తిగా చెప్పేసేవాళ్లను నేను పెద్దగా నమ్మను. గాలం వేసేవాడికి అదంత అవసరం కూడా లేదు, సైజు ముఖ్యం. పదహారో నంబరు గాలమా, ఇరవయ్యా? (నంబరు పెరిగితే గాలం చిన్నది.) దగ్గరికి లాగి తీసిన ఫొటోలో అది తెలియదు. పక్కన ఒక నాణెం పెట్టి, పైనుంచి కాకుండా పక్కనుంచి తీస్తే సగం తగాదా తీరుతుంది.

డన్ దొరికితే గాలి ఆడే చిన్న డబ్బాలో రాత్రంతా ఉంచండి. తిండి పెట్టక్కర్లేదు, రెక్కలొచ్చాక దాని నోరు పనిచేయదు. చాలా రకాలకి ఒక్క రాత్రి చాలు. పొద్దున మూత తీస్తే కాళ్లు, తోకలతో సహా బూడిదరంగు కుబుసం ఒక పక్కన, గాజు రెక్కల స్పిన్నర్ ఇంకో పక్కన ఉంటాయి. రెండిటినీ ఒకే ఫొటోలో తీసి పంపండి.