ఒక కిడ్నీ కణం కథ

పిల్లలూ,

కిడ్నీ రక్తాన్ని వడకడుతుందని మీరు బడిలో చదువుకునే ఉంటారు. అక్కడి ఒక చిన్న కణం గురించి మీకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. అది పడే పాటు తెలిసినకొద్దీ నాకు దానిమీద గౌరవం పెరిగింది.

కిడ్నీలు రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. మూత్రంగా బయటికి పోయేది ఒకటిన్నర, రెండు లీటర్లే. మిగతాదాన్ని మళ్ళీ రక్తంలోకి చేర్చే పనిలో పెద్ద వాటా నెఫ్రాన్ (కిడ్నీలో వడపోత పని చేసే అతి చిన్న భాగం) మొదటి గొట్టంలోని కణాలదే. అంతేకాదు, వడపోతలో మిగిలిపోయిన కొన్ని వ్యర్థాలను అవే రక్తంలోంచి లాగి మూత్రంలోకి తోసేస్తాయి. ఆ లాగే గుణమే ఒక్కోసారి వాటి ప్రాణం మీదికి తెస్తుంది.

అరిస్టోలోకిక్ ఆమ్లం అని ఒకటుంది. కొన్ని మొక్కల్లో సహజంగానే ఉంటుంది. సహజమైనదైతే హాని చేయదని ఎవరైనా అంటే నాకు భయమేస్తుంది, ఎందుకంటే ఇది క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థం. కణం దీన్ని కూడా వ్యర్థాల్లాగే లోపలికి లాక్కుంటుంది. లోపలి ఎంజైములు దాని రూపం మార్చబోయి మరింత ప్రమాదకరంగా చేస్తాయి. అప్పుడది డీఎన్‌ఏలో అడినిన్ అనే అక్షరానికి అతుక్కుపోతుంది.

కణం ఊరుకోదు. పీ53 అనే ప్రోటీన్ మేలుకొని విభజనను ఆపిస్తుంది, తప్పు పిల్ల కణాలకు చేరకుండా. మరమ్మతు ఎంజైములు పాడైన ముక్కను కత్తిరించి కొత్తది వేస్తాయి. దెబ్బ మరీ పెద్దదైతే కణం తనంతట తానే చనిపోతుంది, పక్క కణాలు విభజన చెంది ఆ ఖాళీ నింపుతాయి. విషం పదే పదే వస్తుంటే అదీ సాగదు. ఆ చోట మచ్చలా గట్టిపడి కిడ్నీ పని తగ్గిపోతుంది.

అయితే ఈ ఆమ్లం వేసిన అతుకు మాత్రం మరమ్మతు ఎంజైములకు సరిగా దొరకదు, ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. డీఎన్‌ఏ నకలు తీసేటప్పుడు అడినిన్ ఉండాల్సిన చోట థైమిన్ అనే మరో అక్షరం పడుతుంది. ఆ తప్పు పీ53 జన్యువులోనే పడితే కాపలా కాసేవాడే పోయినట్టు.

ఆగ్నేయ ఐరోపాలోని బాల్కన్ దేశాల్లో, డాన్యూబ్ ఉపనదుల పక్కనున్న పల్లెల్లో, కిడ్నీ జబ్బు, మూత్రనాళాల క్యాన్సర్ ఎందుకొస్తున్నాయో దశాబ్దాల పాటు తెలియలేదు. 2007లో శాస్త్రవేత్తలు అక్కడి రోగుల కిడ్నీలో ఆ అతుకునూ, కణితిలోని పీ53 జన్యువులో ఆ అక్షరదోషాన్నీ చూపించారు. గోధుమ చేలల్లో మొలిచే, ఈ ఆమ్లం ఉన్న ఒక కలుపు మొక్క గింజలు పిండిలో కలిసి, రొట్టెలతో పాటు వాళ్ళ కడుపులోకి చేరుతూ వచ్చాయి.

ప్రేమతో,
మీ తాతయ్య