యుద్ధం ఆపాలన్నా ఆయన సంతకమే కావాలి

2025 జూన్ 23 రాత్రి తిరుపతి బాలాజీ కాలనీలో మా ఎదురింటాయన నిద్రపోలేదు. కొడుకు అమెరికా నుంచి దోహా మీదుగా వస్తున్నాడు, అమెరికా-ఇరాన్ దాడుల మధ్య ఖతార్ గగనతలం మూసేసింది. తెల్లారి టీ దగ్గర కలిసినప్పుడు, "ట్రంప్ ఒక్కడే అనుకుని ఇరాన్ మీద బాంబులేయిస్తే అక్కడ అడిగేవాళ్లే లేరా సార్?" అన్నాడు.

ఉన్నారు. అడగడానికి చట్టమూ ఉంది. వియత్నాం యుద్ధం చేదు అనుభవంతో పుట్టిందది. 1973లో అధ్యక్షుడు నిక్సన్ వీటోను కొట్టేసి కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) యుద్ధాధికారాల తీర్మానం తెచ్చింది. అధ్యక్షుడు దాడి చేస్తే 48 గంటల్లో కాంగ్రెస్‌కు చెప్పాలి, అనుమతి రాకపోతే 60 రోజుల్లో ఆపాలి, బలగాలు వెనక్కి రావడానికి మరో 30. అంతకుముందే ఆపాలనుకుంటే ఉభయ సభలు ఓటేస్తే చాలు, అధ్యక్షుడి సంతకంతో పనిలేదు. చట్టానికి కోరలంటే ఇవే.

ఆ కోరలు ఊడింది యుద్ధం కేసులో కాదు, స్టూడెంట్ వీసా కేసులో! కెన్యాలో పుట్టిన భారత సంతతి యువకుడు జగదీశ్ రాయ్ చద్దా చదువుకోడానికి అమెరికా వెళ్లాడు. 1972లో వీసా అయిపోయింది. ఉండనివ్వొచ్చని ఇమిగ్రేషన్ జడ్జి అంటే, కాంగ్రెస్ దిగువ సభ అయిన ప్రతినిధుల సభ ఒక్క తీర్మానంతో కుదరదంది. చద్దా సుప్రీంకోర్టులో 1983లో గెలిచాడు. అధ్యక్షుడి ముందుకు పంపని తీర్మానానికి చట్టం విలువ లేదని తీర్పు. అతనికి న్యాయమే జరిగింది. కానీ ఆ దెబ్బతో యుద్ధం ఆపమనే కాగితం మీద కూడా, యుద్ధం మొదలెట్టినాయనే సంతకం పెట్టాల్సి వచ్చింది. పెట్టకపోతే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు తేవాలి. 2019లో యెమెన్ యుద్ధంలో సౌదీకి అమెరికా సాయం ఆపాలన్న తీర్మానం రెండు సభలూ దాటింది. ట్రంప్ వీటో చేశారు. ఆ వీటోను కొట్టేయడానికి వందమంది ఉండే ఎగువ సభ సెనేట్‌లో 53 ఓట్లే పడ్డాయి.

అత్యవసరంలో చర్చలకు టైం ఉండదు, సర్వసైన్యాధిపతి చేతులు కట్టకూడదు అన్నది అధ్యక్షుల వాదన. 2011లో లిబియా దాడులు 60 రోజులు దాటినప్పుడు మాత్రం, ఇవి చట్టం చెప్పే 'శత్రుచర్యలు' కావని ఒబామా సర్కారు చెప్పుకొచ్చింది.

కాంగ్రెస్‌కు రాసే లేఖల్లో ఇంకో కిటుకు. 'చట్టం ప్రకారం' అనరు, 'చట్టానికి అనుగుణంగా' అంటారు, చట్టానికి కట్టుబడ్డామని ఒప్పుకున్నట్టు కాకుండా. 60 రోజుల లెక్క మొదలుపెట్టే సెక్షన్‌ను పేరుపెట్టి రాసింది 1975లో అధ్యక్షుడు ఫోర్డ్ ఒక్కరే, కంబోడియా పట్టుకున్న అమెరికా ఓడ మయాగెజ్ వ్యవహారంలో. అప్పటికే ఆ ఆపరేషన్ అయిపోయింది.

ఎదురింటాయన కొడుకు రెండు రోజులు ఆలస్యంగా చెన్నైలో దిగాడు. జూన్ 27న ఇరాన్ మీద దాడులు ఆపాలన్న తీర్మానం సెనేట్‌లో 47-53తో వీగిపోయింది. వీటో దాకా పోనేలేదు.