గెలిచినా ర్యాంకు తగ్గే లెక్క

అమెరికా కాలేజీ బేస్‌బాల్‌లో ఏటా మే చివరి సోమవారం జాతీయ టోర్నీలో ఆడబోయే 64 జట్ల జాబితా వెలువడుతుంది. అందులో సగానికి కాస్త తక్కువ జట్లు తమ తమ కాన్ఫరెన్సుల (కొన్ని కాలేజీలు కలిసి ఆడుకునే లీగుల) విజేతలుగా నేరుగా చోటు దక్కించుకుంటాయి. మిగతావాటిని కళాశాల క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ నియమించిన కమిటీ ఎంచుతుంది. చోటు దక్కని జట్ల అభిమానులు ఆ సాయంత్రం తిట్టేది కమిటీని మాత్రమే కాదు, ఆర్‌పీఐ అనే కంప్యూటర్ రేటింగును కూడా.

ఐపీఎల్‌లో పది జట్లే కనుక పాయింట్ల పట్టిక సరిపోతుంది. ఇక్కడ పై స్థాయి అయిన డివిజన్-1లోనే దాదాపు 300 జట్లున్నాయి. రెగ్యులర్ సీజన్‌లో ఒక్కో జట్టు ఆడగలిగేది గరిష్ఠంగా 56 మ్యాచ్‌లు. చాలా జట్లు ఒకదానికొకటి ఎదురుపడనే పడవు. ఎవరిపై గెలిచారో చూడకుండా గెలుపులను మాత్రమే లెక్కిస్తే అన్యాయం జరుగుతుంది కాబట్టి ఏదో ఒక సూత్రం అవసరమే. చిక్కంతా ఎంచుకున్న సూత్రంతోనే.

ఆర్‌పీఐ అంటే రేటింగ్ పర్సంటేజ్ ఇండెక్స్. 1981లో పురుషుల బాస్కెట్‌బాల్ కోసం దీన్ని తయారుచేశారు. జట్టు సొంత గెలుపు శాతానికి 25 శాతం, ప్రత్యర్థుల గెలుపు శాతానికి 50 శాతం, ఆ ప్రత్యర్థుల ప్రత్యర్థుల గెలుపు శాతానికి మిగిలిన 25 శాతం విలువ ఇస్తారు. అంటే మూడొంతులు జట్టు చేతిలో లేని లెక్క. ఒక జట్టు తన మ్యాచ్‌లలో 75 శాతం గెలిచిందనీ, ప్రత్యర్థులూ వారి ప్రత్యర్థులూ సగం సగం గెలిచారనీ అనుకుందాం. దాని రేటింగు 0.5625. మరో జట్టు గెలిచింది 55 శాతమే, కానీ దాని ప్రత్యర్థులు 60, వారి ప్రత్యర్థులు 55 శాతం గెలిచారు. దాని రేటింగు 0.575. తక్కువ గెలిచిన జట్టే పైన! బలహీన జట్టుపై గెలిచినా రేటింగు పడిపోవచ్చు, గట్టి జట్టు చేతిలో ఓడినా పెరగవచ్చు. సీజన్ చివర్లో వారం మధ్య జరగాల్సిన మ్యాచ్ రద్దయితే వాన కన్నా ముందు ఆర్‌పీఐని అనుమానించడం అక్కడ అలవాటైపోయింది. నా దృష్టిలో ఆడకపోవడమే లాభమనిపించే కొలమానానికి ఇంతకన్నా పెద్ద లోపం అక్కర్లేదు.

బేస్‌బాల్‌కు వాతావరణం చిక్కు కూడా ఉంది. సీజన్ మొదలయ్యే ఫిబ్రవరి మధ్యలో మిషిగన్, మిన్నెసోటా మైదానాలు మంచు కింద ఉంటాయి. ఉత్తరాది జట్లు తొలి వారాలు దక్షిణాదికి వెళ్లి పరాయి మైదానాల్లో ఆడక తప్పదు. దీనికి విరుగుడుగా 2013లో ఒక సవరణ వచ్చింది: సొంత గెలుపు శాతం కట్టేటప్పుడు బయటి గెలుపును 1.3గా, ఇంటి గెలుపును 0.7గా లెక్కించడం. ఓటములకు ఇది తిరగబడుతుంది. కానీ ప్రత్యర్థులతో ముడిపడిన ఆ మూడొంతుల భాగాన్ని ఈ సవరణ తాకనే లేదు. పడమటి తీరం జట్ల ఫిర్యాదు వేరు. దూరాభారం వల్ల అవి ఎక్కువగా తమలో తాము ఆడుకుంటాయి. అక్కడ ఒకరి గెలుపు మరొకరి ఓటమే కనుక, ప్రాంతమంతా బలంగా ఉన్నా సగటు 50 శాతం చుట్టూనే తిరుగుతుంది.

ర్యాంకు ప్రభావం చోటు దక్కడంతో ఆగదు. 64 జట్లను నాలుగేసి చొప్పున 16 రీజినల్స్‌గా విడదీస్తారు. వాటిని సాధారణంగా అగ్రజట్లు సొంత మైదానంలోనే ఆడతాయి. ఆపై రీజినల్ విజేతలు తలపడే సూపర్ రీజినల్స్, చివరికి ఎనిమిది జట్లు ఆఖరి దశ జరిగే ఒమాహా నగరానికి. అయినా సూత్రం అంచనాలను మైదానం చాలాసార్లు పట్టించుకోలేదు. 2008లో ఫ్రెస్నో స్టేట్ తన రీజినల్‌లో నాలుగో సీడుగా, అంటే ఆఖరి ర్యాంకుతో, అడుగుపెట్టి జాతీయ టైటిల్ కొట్టింది. 2022లో కమిటీ చిట్టచివరగా ఎంపిక చేసిన ఓల్ మిస్ (మిసిసిపి విశ్వవిద్యాలయం జట్టు) ఛాంపియన్ అయింది.

ఈ సూత్రం పుట్టిన పురుషుల బాస్కెట్‌బాల్ 2018-19 సీజన్‌లో దాన్ని వదిలేసి నెట్ అనే కొత్త రేటింగుకు మారింది. బేస్‌బాల్ మాత్రం ఆ తర్వాత కూడా పాతదాన్నే పట్టుకుని కొనసాగింది. కమిటీ ఇతర అంశాలూ చూస్తుంది, నిజమే. కానీ చర్చ మొదలయ్యేది ఆర్‌పీఐ వరుసతోనే. 2025లో ఎస్‌ఈసీ (సౌత్ఈస్టర్న్) కాన్ఫరెన్సులోని 16 జట్లలో 13 టోర్నీకి వెళ్లాయి. ఆ లీగు నిజంగానే బలమైనది. అయితే అక్కడ ఓడినా ప్రత్యర్థుల శాతం రేటింగును నిలబెడుతుంది. అందులో బలం పాలెంత, లెక్క పాలెంత అన్నది ఈ సూత్రం విడదీసి చెప్పలేదు.